ఎన్నికలవేళ పత్రికకొక జాబు

మన కళ్యాణదుర్గం సీమలో ఎన్నికలు వేసవిలో వచ్చుచున్నవి. 2024లో మార్చి 16న షెడ్యూలు వెలువడగా మే 13న ఓట్లు పడినవి. ఆ ఎనిమిది వారములు మెట్టరైతు సంవత్సరమున ఎట్టివో తలచుకొనుడు: గడచిన ఖరీఫున బెట్టకు పోయిన వేరుశనగకు బీమాసొమ్ము వచ్చునో రాదో తేలియుండదు; రాబోవు ఖరీఫుకు రాయితీ విత్తనకాయల ధర యెంతయో ప్రకటింపబడియుండదు; ఊరిలో తెచ్చిన అప్పునకు ఉగాది గడువు మాత్రము తప్పక వచ్చి మీదపడును. పాతలెక్క తీరక, కొత్తలెక్క మొదలుకాక, నడుమ నిలిచిన ఆ దినములలోనే ప్రచారరథములు గ్రామములలోనికి వచ్చి, తమ పక్షము గెలిచినచో ఎవరికెంత ఇచ్చునో బిగ్గరగా చాటుచుండును. ఇచ్చెదమను మాట వినబడినంతగా, ఈ నేలమీద ఒక సాలు గడచుటకెంత యగుచున్నది, కడకు చేతిలో ఎంత నిలుచుచున్నదియను మాట ఎన్నికల సభలలో వినబడదు. ఆ లెక్క అభ్యర్థికి తెలియదు, తెలిసినవారు మీరు. దానిని పత్రికలో ఎట్లు చెప్పవలెనో ఈ అధ్యాయమున వివరింతును.

పత్రికకు వ్రాయుట మన అనంతపురం జిల్లాకు కొత్త విద్య కాదు. పప్పూరు రామాచార్యులుగారు 1926లో అనంతపురమునుండి శ్రీసాధన పత్రికను వెలువరించి, జిల్లా కష్టసుఖములు జిల్లాలోనే అచ్చగుటకు వీలు కల్పించిరి. 1937లో మదరాసున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి యింట కుదిరిన శ్రీబాగు ఒడంబడికపై చేవ్రాలు చేసిన రాయలసీమ ప్రముఖులలో ఆయనయు ఒకరు. కృష్ణా తుంగభద్రా పెన్నా జలముల వినియోగమున రాయలసీమకు ప్రథమప్రాధాన్యము అనునది అందలి ముఖ్యమైన షరతు. తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వంగారు ఒకచేత పెన్నేటి పాట కావ్యము వ్రాయుచు వేరొకచేత ఆంధ్రప్రభ వారపత్రికను నడపినవారు. మన కంబదూరు మండలములోని రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారి వచనము తెలుగు వ్యాసమునకు నేటికిని ఒరవడిగా నున్నది. 1952లో, తొలి సార్వత్రిక ఎన్నికలలో, చెరసాలనుండియే పోటీచేసిన తరిమెల నాగిరెడ్డిగారు అనంతపురమున తమ బావగారైన నీలం సంజీవరెడ్డిగారిని ఓడించిరి. ఆ యేడే రాయలసీమలో ఆకలిగొన్నవారికై గంజికేంద్రములు తెరువవలసి వచ్చినది. ఎన్నికయు కరవును ఒకే సంవత్సరమున వచ్చుట ఈ గడ్డకు తొలినాటినుండియు ఉన్నదే. ఇట్టి చోట పుట్టి, అక్షరము నేర్చి, తన ఊరి బ్రతుకుతెరువును గూర్చి నాలుగు వాక్యములు పత్రికకు వ్రాయలేకపోవుట నాకు బాధగా తోచును.

అయితే వ్రాయువారు లేకపోలేదు. వ్రాసినవి అచ్చుకాకపోవుటకు, అచ్చయినను ఎవరును పట్టించుకొనకపోవుటకు కారణమొకటి కలదు. ధరలు మండిపోవుచున్నవనియు, రైతు నడ్డి విరిగినదనియు, పాలకులు ఇకనైనను కళ్ళు తెరువవలెననియు సాగు జాబు సత్యమే కావచ్చును గాని, అది కళ్యాణదుర్గమునుండి వచ్చినదో కాకినాడనుండి వచ్చినదో సంపాదకునికి తెలియదు. అభ్యర్థికి దానికి బదులు చెప్పవలసిన అగత్యమును కలుగదు. దేశపు స్థూలోత్పత్తిని గూర్చి, ద్రవ్యోల్బణమును గూర్చి చెప్పుటకు వేరు పండితులు కలరు. మీ ఊరి అప్పునకు వడ్డీ యెంత, మీ సంతలో బుడ్డల (వేరుశనగకాయల) మూట ఏ ధరకు పోయినది, మీ వీధిలో ఎన్ని ఇండ్లకు తాళములు వేసి జనులు బెంగుళూరునకు కూలికి పోయినారు అనునవి మీరు తప్ప మరియొకరు చెప్పలేనివి. ఒక జాబునకు ఒక్క లెక్కయే చాలును. మూడు సంగతులు ఒకే జాబులో పెట్టినచో మూడును చెడును.

లెక్కను ఎట్లు ఎన్నుకొనవలెనో ఒకదానిని దగ్గరగా చూపెదను. మన పల్లెలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందురు. నూటికి రెండు అనగా వినుటకు స్వల్పముగా నుండును. దానిని సంవత్సరమునకు మార్చి వ్రాయుడు: 24 శాతము. నూటికి మూడైనచో 36 శాతము. బ్యాంకు పంటరుణమునకు ప్రభుత్వము పెట్టిన పరిమితివరకు వడ్డీ 7 శాతము. గడువులోపల తీర్చినవారికి కేంద్రప్రభుత్వము మరి 3 శాతము తగ్గించును గనుక 4 శాతమే పడును. ఇరువది వేల రూపాయలను విత్తునాటినుండి కాయలమ్మునాటివరకు ఆరునెలలు వాడుకొన్న ఇద్దరు రైతులను పక్కపక్కన నిలుపుడు. బ్యాంకు రుణము దొరికినవాడు వడ్డీక్రింద కట్టునది 400 రూపాయలు. నూటికి రెండు చొప్పున బయట తెచ్చినవాడు కట్టునది 2,400. నేల యొకటే, వాన యొకటే, కాయ యొకటే. విత్తనము మట్టిలో పడకముందే ఒకనికి రెండువేల రూపాయల నష్టము. ఈ రెండవవాడు ఎక్కువగా కౌలురైతు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలలకు సాగుదారు పత్రము పొందవలెనన్నచో భూయజమాని చేవ్రాలు కావలెను. భూమిపై హక్కు పోవునేమోయను భయముచే యజమాని చేవ్రాలు చేయడు. పత్రము లేనిది బ్యాంకు మెట్లెక్కుట వ్యర్థము. ఆర్థికవ్యవస్థయని పెద్దపేరు పెట్టి మనము చెప్పుకొనునది ఈ చేవ్రాలు దగ్గర చిక్కుకొనియున్నది. దీనిని ఎత్తి చూపిన జాబునకు ఏ పక్షపు అభ్యర్థియైనను ఔననో కాదనో చెప్పక తప్పదు.

పంట లెక్కకూడ ఇట్లే చేయవచ్చును. 2024–25 ఖరీఫునకు వేరుశనగ కనీస మద్దతు ధర క్వింటాలునకు 6,783 రూపాయలు. ఎకరాకు నాలుగు క్వింటాళ్ళు వచ్చినచో ఆ ధరకు 27,132 రూపాయలు. రెండే వచ్చినచో 13,566. మీకు వచ్చినదెంత, మీరు అమ్మినదెంతకు, విత్తనకాయలకు సేద్యమునకు కోతకు పెట్టినదెంత అను మూడు సంఖ్యలు పక్కన చేర్చినచో జాబు సిద్ధమైనట్లే. ఇతరుల పొలపు సంఖ్యలు ఊహించి వేయరాదు. అడిగినవారికి చూపుటకు చీటీ, బ్యాంకు పుస్తకము, మండీ రసీదు ఏదో యొకటి మీయొద్ద ఉండవలెను.

వాన విషయమున మాత్రము సగటులను నమ్మి జాబు వ్రాయకుడు. ఈ జిల్లాలో ఏడాదికి కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. అది పూర్తిగా కురిసిన సంవత్సరమునకూడ పంట పోవచ్చును. జూలైలో పదునుకు విత్తిన వేరుశనగ ఊడలు దిగు దశలో ఆగస్టున మూడువారములు బెట్ట పట్టినచో, సెప్టెంబరులో ఎంత కురిసినను ఆ ఊడలు తిరిగి రావు. కాగితముమీద వర్షపాతము సాధారణమనియే యుండును. వాతావరణ ఆధారిత బీమా మండలపు వర్షమాపకమును చూచి లెక్కకట్టును. మాపకమున్న చోట పడిన జల్లు మీ ఊరి పొలిమేర దాటియుండకపోవచ్చును. అందుచేత జాబులో తేదీలు వ్రాయుడు: ఏనాడు విత్తితిరి, ఆపై ఎన్నినాళ్ళు చినుకు లేదు, ఏనాడు తిరిగి కురిసినది. ఎన్నికల వేసవిలో నిరుటి ఆగస్టు తేదీలు జ్ఞప్తియందుండుట కష్టము గనుక, క్యాలెండరుపై వానపడిన దినమున గీత పెట్టుకొను అలవాటు నేడే చేసికొనుట మేలు.

ఇక ఎవరినడుగవలెననునది ఈ విద్యలో కీలకము; చదువుకొన్నవారును ఇచ్చటనే పొరపడుచుందురు. మనకు శాసనసభకును లోక్‌సభకును ఒకేనాడు ఓటువేయు వాడుక యున్నది. చేతికి రెండు ఓట్లు వచ్చును. కాని అన్ని ప్రశ్నలును శాసనసభ అభ్యర్థినే అడుగుదుము. మద్దతు ధరను నిర్ణయించునది కేంద్రమంత్రివర్గము. ఉపాధిహామీ కూలిరేటును ప్రకటించునదియు కేంద్రమే. ఆ పథకమునకు 2006 ఫిబ్రవరి 2న శ్రీకారము చుట్టినది మన జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లిలోనే యైనను, 2024–25లో ఆంధ్రప్రదేశమునకు రోజుకు 300 రూపాయలని తీర్మానించినది ఢిల్లీలో. వంటనూనెల దిగుమతి సుంకముకూడ అట్టిదే. 2024 సెప్టెంబరులో ముడినూనెలపై మొత్తము సుంకము 5.5 శాతమునుండి 27.5 శాతమునకు పెరిగినది; 2025 మే నెలాఖరున 16.5 శాతమునకు దిగినది. మలేసియా, ఇండొనేసియాలనుండి దిగు పామాయిలు ఎంత చౌకగా వచ్చునో దానినిబట్టి వేరుశనగ నూనె గిరాకియు, దానివెంట మన కాయ ధరయు ఒత్తిడికి లోనగుచుండును. ఈ ప్రశ్నలు అనంతపురం లోక్‌సభ అభ్యర్థులకు చెందినవి. సాగుదారు పత్రము, కరవు ఇన్‌పుట్ సబ్సిడీ, విత్తనకాయల రాయితీ, జీడిపల్లి జలాశయమునుండి భైరవానితిప్ప జలాశయమునకును నడుమ చెరువులకును హంద్రీ–నీవా పథకపు కృష్ణా నీరు తెచ్చు పని, ఇవి శాసనసభ అభ్యర్థులకు చెందినవి. పట్టణములోని కాలువ, వీధిదీపము, సంతస్థలము పురపాలకసంఘము పని. ప్రశ్నను సరియైన గుమ్మమున పెట్టినచో, అది నా చేతిలో లేదని తప్పించుకొను దారి మూసికొనిపోవును.

నీటి ప్రశ్నను గూర్చి ఒక మాట అదనముగా చెప్పవలెను. కృష్ణా జలము మా చెరువునకు ఎప్పుడు వచ్చునని ప్రతి ఎన్నికలోను అడుగుచున్నాము, వచ్చునని ప్రతి ఎన్నికలోను చెప్పుచున్నారు. ఆశతో అడిగిన ప్రశ్నకు ఆశయే బదులుగా వచ్చును. కాలువ ఎంతదూరము త్రవ్విరి, ఎన్ని ఎకరముల భూసేకరణకు పరిహారము చెల్లించిరి, ఈ సంవత్సరపు బడ్జెటులో ఎంత కేటాయించి ఎంత ఖర్చుచేసిరి అని అడిగినచో బదులు సంఖ్యలలోనే రావలెను. ఆ సంఖ్యలను ముందుగా మీరే తెప్పించుకొనవచ్చును. సమాచారహక్కు చట్టము క్రింద గ్రామస్థాయి కార్యాలయమునకు రుసుము లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయములకు 10 రూపాయలు. ముప్పది దినములలో సమాధానమీయవలెను. ఎన్నికల షెడ్యూలు వెలువడిన దినముననే దరఖాస్తు పెట్టినచో, సమాధానము వచ్చిన పిమ్మటకూడ జాబు వ్రాయుటకు, అభ్యర్థి బదులు చెప్పుటకు వ్యవధి యుండును. అంతకంటె ముందే, సంక్రాంతి నాటికే పెట్టినచో మరియు మంచిది.

ఇప్పుడొక నమూనా. నా వచనపు ధోరణిని మీరు అనుకరింపకుడు. పత్రికలోని జాబు నేటి పత్రికల వాడుకభాషలోనే ఉండవలెను, నూటయాభై మాటలు మించరాదు.

“అయ్యా, మాది కంబదూరు మండలం. నేను కౌలుకు వేరుశనగ వేస్తాను. బ్యాంకులో పంట రుణం గడువులోపు కడితే ఏడాదికి నూటికి నాలుగు రూపాయల వడ్డీ. భూయజమాని సంతకం పెట్టనందువల్ల నాకు సాగుదారు పత్రం రాలేదు, రుణమూ రాలేదు. బయట నెలకు నూటికి రెండు రూపాయలకు తెచ్చాను. ఇరవై వేలకు ఆరు నెలల వడ్డీ బ్యాంకు రైతుకు నాలుగు వందలైతే నాకు రెండు వేల నాలుగు వందలు అయింది. కళ్యాణదుర్గం శాసనసభ స్థానానికి పోటీ చేస్తున్న అభ్యర్థులందరినీ ఒకటే అడుగుతున్నాను. యజమాని సంతకం లేకపోయినా కౌలు రైతుకు బ్యాంకు అప్పు వచ్చేటట్టు 2019 చట్టాన్ని మార్చడానికి మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే ఏ ఖరీఫ్‌ నాటికి? పోలింగ్‌ లోపల ఇదే పత్రికలో జవాబు చెప్పండి.”

ఇందులో ఏ పక్షము పేరును లేదు, ఎవరిని దూషించుటయు లేదు, వేడుకొనుటయు లేదు. లెక్క యున్నది, కారణమున్నది, ఔను కాదు అని చెప్పదగిన ప్రశ్న యున్నది, గడువున్నది. అభ్యర్థులందరినీ అను మాట చాల ముఖ్యము. మన తెలుగు పత్రికలకు రాజకీయ పక్షపాతములున్నవని పాఠకులందరు ఎరిగినదే. ఒక పక్షమునే నిలదీసిన జాబు ఒక పత్రికలో మూలకు పోవును, ఇంకొక పత్రికలో ఆయుధమగును. అందరినీ ఒకే ప్రశ్న అడిగినచో రెండుచోట్లను అచ్చగుటకు అవకాశముండును.

వాగ్దానములను గూర్చి వ్రాయదలచినవారికి ఒక ఆధారము కలదు. 2013లో సుప్రీంకోర్టు చేసిన సూచనపై ఎన్నికల సంఘము తన ప్రవర్తనానియమావళిలో మేనిఫెస్టోలకు సంబంధించిన భాగమును చేర్చినది; వాగ్దానమునకు హేతువును, దానికి కావలసిన ధనము సమకూర్చుకొను మార్గమును స్థూలముగానైన సూచింపవలెనని అందున్నది. 2024 ఎన్నికలకు ముందు రైతుభరోసా పథకము క్రింద రైతునకు ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చుచుండిరి. ప్రతిపక్షము 20,000 ఇచ్చెదమని చెప్పినది. ఈ రెంటిలో ఏది పెద్దదో పిల్లవాడును చెప్పగలడు. ఆ మొత్తము ఏ పద్దునుండి వచ్చును, అందుకై ఇన్‌పుట్ సబ్సిడీయో సూక్ష్మసేద్యపు రాయితీయో తగ్గునా, కౌలురైతునకు చేరునా అనునవి అడుగవలసిన ప్రశ్నలు. నియమావళియే వీటికి ఎడమిచ్చుచున్నది.

ఇచ్చట నా మనస్సులోని మాట యొకటి చెప్పకుండ ముందునకు పోలేను. పట్టణవాసులు వ్రాయు జాబులలో ఉచితములపై తిరస్కారము తఱచుగా కనబడుచున్నది. పింఛను తీసికొనువారిని సోమరులుగా చిత్రించుట యొక పరిపాటియైనది. సెట్టూరులోనో కుందుర్పిలోనో బోరు ఎండి, కొడుకు బెంగుళూరున కట్టడపుపనిలో నుండి, ఇంట ముసలితల్లి ఒంటిగా నున్నప్పుడు, నెల మొదటితేదీన వచ్చు ఆ పింఛను సొమ్మే ఆ ఊరి అంగడిలో బియ్యపు బాకీ తీర్చునట్టిది. 2024 జూలైనుండి అది 4,000 రూపాయలైనది. వానతో సంబంధము లేక నెలనెలా ఊరిలోనికి వచ్చు ధనము అట్టి ఇండ్లకు వేరొకటి లేదు. దానిని ప్రశ్నింపరాదని నేననను. ఎంతకాలము నడపగలరని అడుగుడు, అర్హులకు అందుచున్నదా యని అడుగుడు. తీసికొనువారిని కించపరచు వాక్యము మాత్రము మీ కలమునుండి రానీయకుడు.

చట్టపు హద్దులు కొన్ని. అభ్యర్థుల విధానములను, గత కార్యములను విమర్శించుటకు ఎవరికైనను హక్కున్నది; వారి వ్యక్తిగత ప్రవర్తనను గూర్చి అబద్ధమని తెలిసియు ప్రకటించుట నేరము. ఫలానావాడు ఇంత తినెనని మీయొద్ద రుజువు లేక వ్రాసినచో చిక్కు మీకే. జాబును కరపత్రముగా వేయదలచినచో, ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామాలు దానిపై ఉండితీరవలెను. ఇంకొక సంగతి గమనించుడు: 2024 మే నెలలో ఇన్‌పుట్ సబ్సిడీ వంటి కొన్ని చెల్లింపులను పోలింగు ముగియువరకు ఆపవలెనని ఎన్నికల సంఘము చెప్పగా, విషయము హైకోర్టుదాకా పోయినది. అట్టి సందర్భమున సొమ్ము రాలేదని కోపముతో వ్రాయుటకు ముందు, ఆగినది ఎవరిచేత, ఎందులకు అని విచారించి వ్రాయవలెను.

జాబును పంపునప్పుడు పూర్తి పేరు, ఊరు, ఫోను నంబరు తప్పక వ్రాయుడు. పేరు అచ్చువేయవద్దని కోరినచో సాధారణముగా పత్రికలు మన్నించును, కాని ఆకాశరామన్న జాబును ఏ సంపాదకుడును నమ్మడు. కౌలురైతుకు భూయజమానితోను, అప్పు తెచ్చినవానికి ఇచ్చినవానితోను ఊరిలోనే బ్రతుకవలసియున్నది గనుక పేరు దాచుకొనుటలో పిఱికితనము లేదు. ఒకే జాబును ఒకేనాడు నాలుగు పత్రికలకు పంపుట మర్యాద కాదు; వారము చూచి, రానిచో రెండవదానికి పంపుడు. ఈమెయిలు, వాట్సాపు తెలియనివారు మండల విలేకరి చేతికీయవచ్చును. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసి అభ్యర్థుల పేర్లు స్థిరపడిన వారము మంచి సమయము. పోలింగునకు చివరి మూడునాళ్ళలో పత్రికలో చోటు దొరకదు, దొరికినను బదులు చెప్పుటకు అభ్యర్థికి తీరికయుండదు.

ఎక్కడను అచ్చుకాకపోయినచో ఆ కాగితమును పారవేయకుడు. ప్రచారమునకు మీ వీధికి వచ్చిన అభ్యర్థి చేతికే ఒక ప్రతి ఇచ్చి, పదిమంది వినునట్లు ప్రశ్నను చదువుడు. చెప్పిన బదులును తేదీతోసహా దాని వెనుక వ్రాసికొనుడు. బదులు అచ్చయినచో కత్తిరించి దాచుడు. ఫలితములు వచ్చిన తరువాత, విత్తనకాయల పంపిణీ మొదలగు వారమున, గెలిచినవారు ఆనాడు చెప్పిన మాటను, నేటి స్థితిని రెండు వాక్యములలో పెట్టి రెండవ జాబు వ్రాయుడు. ఎన్నికల వేడి చల్లారినందున అప్పుడు పత్రికలో చోటు సులభముగా దొరకును.